తార్నాక దారిలో పుట్టిన ప్రశ్నలు

సికింద్రాబాద్ నుంచి కాచిగూడ వైపు సాగే రైలు సీతాఫల్‌మండి, ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా స్టేషన్ల మీదుగా ఒక విశ్వవిద్యాలయాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఆ క్యాంపస్‌కు అవతలి కొసన తార్నాక చౌరస్తా ఉంది. అక్కడి జాతీయ పోషకాహార సంస్థ మొదలుకొని ఉప్పల్ రోడ్డు వెంట భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (మనం సీసీఎంబీ అని పిలిచేది) ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. హబ్సిగూడ దాకా ఉన్న ఈ కొద్దిపాటి దారి చరిత్రను ఎవరు రాసినా శంకుస్థాపనలు, డైరెక్టర్ల పేర్లు, బిరుదులు వరుసగా చెప్పుకుపోతారు. అవి అబద్ధాలు కావు గాని, అసలు సంగతి వాటిలో లేదు. ఇక్కడి పరిశోధనలో ప్రపంచం పట్టించుకున్న పనులను ఒక్కొక్కటిగా మూలం దాకా వెతుక్కుంటూ పోతే, వాటిలో ఎక్కువ వాటికి మొదటి ప్రశ్న ప్రయోగశాల గోడల బయట దొరుకుతుంది: జొన్నకూడు తినే కూలీ మెడ మీద, బూజు పట్టిన గింజలో, చుట్ట తాగే ముసలమ్మ అంగిలిలో, ఈ అక్షాంశాల మీది ఆకాశంలో. ఇక్కడి ప్రశ్న అడిగినందువల్ల ఈ శాస్త్రం చిన్నదైపోలేదు, సరిగ్గా అందువల్లే పెద్దదైందన్నది నా వాదన.

మొదటి అడుగు విశ్వవిద్యాలయానిదే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1918లో స్థాపించిన ఉస్మానియాలో పై చదువులన్నీ ఉర్దూలోనే. బ్రిటిష్ ఇండియా విశ్వవిద్యాలయాలు ఇంగ్లీషుకు అంటిపెట్టుకుని ఉన్న రోజుల్లో రసాయన శాస్త్రాన్నీ వైద్యాన్నీ ఒక దేశభాషలో నేర్పడానికి పుస్తకాలు కావాలి గనక, అంతకు ముందు ఏడాదే అనువాద విభాగాన్ని తెరిచారు. దీన్ని పొగిడేవాళ్లు ఒక మాట మరిచిపోకూడదు: రాజ్యంలో ఎక్కువ మంది ఇళ్లలో మాట్లాడేది ఉర్దూ కాదు. తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలకు ఆ తలుపు సగమే తెరుచుకుంది. 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారిపోయింది. అయినా విజ్ఞానం ఈ నేల మీద నిలబడి మాట్లాడాలన్న ఆలోచనకు సంస్థ రూపం దొరికింది ఇక్కడే. 1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమయ్యేనాటికి అడిక్‌మెట్ గుట్టల మీద వందల ఎకరాలు చదువుకోసం కేటాయించి ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన ప్రయోగశాలలు ఈ పరిసరాలనే ఎంచుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

హైదరాబాద్ రాజ్యం 1944లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కోసం కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పింది. స్వాతంత్ర్యం వచ్చాక సయ్యద్ హుసేన్ జహీర్ నాయకత్వంలో అవి పెరిగాయి. 1956లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) కిందికి వెళ్లి ప్రాంతీయ పరిశోధనాలయం అయ్యాయి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అన్న ఇప్పటి పేరు వచ్చింది. అక్కడ తొలినాళ్లలో పట్టుకున్న పనుల్లో ఈ నేల సరుకు కనిపిస్తుంది: సింగరేణి బొగ్గును తక్కువ వేడిలో కాల్చి పొగ రాని ఇంధనం తీయడం, ఇక్కడి ఆముదం వంటి నూనెల రసాయనం. 1958లో తార్నాకకు మరో సంస్థ తరలివచ్చింది. రాబర్ట్ మెకారిసన్ 1918లో నీలగిరుల్లోని కూనూరులో, బెరిబెరి వ్యాధి మీద విచారణ కోసం ఒక్క గదిలో మొదలుపెట్టిన పోషకాహార ప్రయోగశాల అది, ఇప్పటి జాతీయ పోషకాహార సంస్థ. చల్లని కొండమీది నుంచి దక్కన్ ఎండలోకి దిగడంతో దానికి మారింది చిరునామా ఒక్కటే కాదు, రోగులు కూడా మారారు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఉస్మానియా ఆసుపత్రికి వచ్చే పేదల్లో కొందరికి ఎండ తగిలే చోట చర్మం నల్లగా మాడి పొలుసులు లేచేది. మెడ చుట్టూ పట్టీ వేసినట్టు మచ్చ, విరేచనాలు, ముదిరితే మతి చలించడం. ఇది పెల్లాగ్రా. నియాసిన్ అనే విటమిన్ లోపం వల్ల వస్తుందని, మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని అప్పటికే ప్రపంచమంతా చదువుకుంది. మొక్కజొన్నలో ఉన్న కాస్త నియాసిన్ శరీరానికి అందకుండా బిగుసుకుని ఉంటుంది. శరీరం నియాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ కూడా అందులో తక్కువ. ఇక్కడి రోగులు మాత్రం మొక్కజొన్న తినేవాళ్లు కాదు. జొన్నరొట్టె, జొన్న గటక వాళ్ల తిండి. జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువేమీ కాదు, నియాసిన్ బిగుసుకుని ఉండే తంటా కూడా లేదు. పుస్తకం ప్రకారం వాళ్లకు ఈ జబ్బు రాకూడదు. పోషకాహార సంస్థలోని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా పుస్తకాన్ని పక్కన పెట్టి రోగిని నమ్మారు. జొన్నలో, మొక్కజొన్నలో సమానంగా ఎక్కువగా ఉన్నదేమిటని వెతికి, ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర ఆగారు. అది మోతాదు మించితే ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారికి అడ్డం పడుతుందని 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. పోషకాల లెక్క ఒక్కో పోషకం ఉందా లేదా అని విడివిడిగా చూస్తే సరిపోదని, వాటి మధ్య పొత్తు ఎలా కుదిరిందో కూడా చూడాలని ఆ చిన్న వ్యాసం గట్టిగా చెప్పింది.

దీని మీద ఒక ఆక్షేపణ ఉంది, దాటవేయదగ్గది కాదు. ల్యూసిన్ సిద్ధాంతాన్ని తర్వాతి దశాబ్దాల్లో ఇతర ప్రయోగశాలలు ప్రశ్నించాయి. అందరికీ అవే ఫలితాలు రాలేదు, వివాదం పూర్తిగా తెగలేదు. పేదల కంచంలో జొన్న తగ్గి బియ్యం పెరగడంతో జబ్బే అరుదైపోయింది. మరి స్థానిక ప్రశ్న తప్పుదారి పట్టించిందనుకోవాలా? నేను అలా అనుకోను. జవాబు వివాదాస్పదమైనా, ప్రశ్న నిలిచింది. జొన్న తినేవాళ్లకూ పెల్లాగ్రా వస్తుందన్న పరిశీలనను ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ పరిశీలన కూనూరు కొండ మీద, ఎలుకల బోను ముందు కూర్చుంటే దొరికేది కాదు.

కాన్సర్ జీవశాస్త్రంలోకి తార్నాక అడుగు పెట్టిన దారి కూడా వంటింటి గుండానే సాగింది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు హఠాత్తుగా చచ్చిపోయాయి. కారణం వెతికితే దాణాలో కలిపిన వేరుశనగ చెక్క, దాని మీది బూజు, ఆ బూజు వదిలిన విషం బయటపడ్డాయి. అఫ్లాటాక్సిన్ అనే ఆ విషం కాలేయంలో కాన్సర్ పుట్టిస్తుందని త్వరలోనే తేలింది. ఇంగ్లండుకు అది పశువుల దాణా సమస్య. మనకు మనుషుల తిండి సమస్య, అందులోనూ పిల్లలది. మాంసకృత్తులు చాలక బక్కచిక్కిన పిల్లలకు పాలు కొనిపెట్టే స్తోమత లేని దేశం వేరుశనగ పిండి వైపే ఆశగా చూస్తున్న రోజులవి. ఆ పిండిలోనే విషం ఉంటే, ముందే సన్నగిల్లిన కాలేయం ఏమైపోతుంది? టి. వి. మాధవన్, గోపాలన్ ఈ ప్రశ్నను ఎలుకల మీద పరీక్షించారు. కొన్నిటికి మాంసకృత్తులు 20 శాతం ఉన్న తిండి, మరికొన్నిటికి 5 శాతమే ఉన్న తిండి, రెంటికీ అఫ్లాటాక్సిన్. 1968లో అచ్చయిన ఫలితం ఎవరూ ఊహించనిది. బాగా తిన్న ఎలుకల కాలేయాల్లో గడ్డలు లేచాయి. అరకొర తిన్నవాటిలో లేవలేదు.

ఈ ఒక్క వ్యాసం అమెరికాలో కాలిన్ క్యాంబెల్ అనే పోషకాహార శాస్త్రజ్ఞుడి జీవితాన్నే మలుపు తిప్పింది. హైదరాబాద్ ఫలితాన్ని పట్టుకుని ఆయన కార్నెల్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు పనిచేసి, 2005లో చైనా స్టడీ అన్న పుస్తకంతో మాంసాహారం మీద లోకమంతా చర్చ లేవదీశాడు. ఆ చర్చలో ఒక ముఖ్యమైన సంగతి తరచూ జారిపోతుంది. మాంసకృత్తులు తక్కువైన ప్రాణుల్లో అదే విషం గడ్డలు పుట్టించే దాకా ఆగకుండా ముందే కాలేయాన్ని దెబ్బతీస్తుందని కూడా ఇదే బృందం చూపింది. అంటే పస్తు కాన్సర్‌కు మందు కాదు. గడ్డ పెరగాలన్నా కణానికి తిండి కావాలి, విషాన్ని తట్టుకోవాలన్నా తిండే కావాలి. ఇక్కడి శాస్త్రజ్ఞులు ఆకలిగొన్న పిల్లల్ని మనసులో పెట్టుకుని వేసిన ప్రశ్నకు, కడుపు నిండిన దేశం తన భయాలకు తగ్గ జవాబు వెతుక్కుంది. ప్రశ్న పుట్టిన చోటును మరిచిపోతే జవాబు ఎంత వంకర పోతుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం నాకు తెలియదు.

1974 చివర్లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచ్‌మహల్ ప్రాంతాల గిరిజన గ్రామాల్లో కామెర్లు, పొట్ట ఉబ్బుతో జనం చనిపోవడం మొదలైంది. వాళ్ల ఇళ్లలో మిగిలింది తిన్న కుక్కలూ చచ్చాయి. తార్నాక నుంచి వెళ్లిన బృందం తేల్చిందేమంటే, అకాల వానకు తడిసిన మొక్కజొన్న బూజు పట్టింది, వాళ్లకు వేరే తిండి లేదు. 397 మంది జబ్బు పడ్డారు, 106 మంది చనిపోయారు. అఫ్లాటాక్సిన్ మనుషుల్ని నేరుగా ఎలా చంపుతుందో చెప్పడానికి ప్రపంచ వైద్యసాహిత్యం ఈనాటికీ ఈ లెక్కలను ఉదహరిస్తోంది.

ఇక అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో చుట్టను వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటు ముఖ్యంగా ఆడవాళ్లలో ఉండేది. నిప్పు అంగిలికి దగ్గరగా ఉంటుంది గనక కాన్సర్ మిగతా ప్రపంచంలో అరుదైన చోట, నోటి పైకప్పు మీద వచ్చేది. పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కమలా కృష్ణస్వామి నాయకత్వంలో ఈ పొగ తాగేవాళ్లకు ఏడాది పాటు విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి చూశారు. కాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు సగం మందికి పైగా మాయమయ్యాయి; ఉత్తుత్తి మాత్రలు ఇచ్చినవాళ్లలో చాలా కొద్దిమందికే తగ్గాయి. 1992లో మరో అధ్యయనం 16 మంది పొగరాయుళ్లకు రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు ఇచ్చి, జన్యువులను దెబ్బతీసే పదార్థాలు వాళ్ల మూత్రంలో తగ్గడం చూపించింది. పదహారు మంది చాలా తక్కువ, పసుపు కాన్సర్‌ను నయం చేస్తుందని దానర్థం కాదు. ఆ వ్యాసమూ అలా అనలేదు. అంటున్నది పసుపు గుళికలు అమ్ముకునేవాళ్లు. పోపుల డబ్బాలోని దినుసును గౌరవంగానే, అనుమానంగానే తూకం వేసిన తీరే అందులో విలువైనది.

ఇంతవరకూ చెప్పింది తిండికి సరిపోతుంది, కణం సంగతేమిటని ఎవరైనా అడగవచ్చు. కణానికి ఊరు లేదు, డీఎన్ఏకు జిల్లా లేదు; సీసీఎంబీ లాంటి సంస్థ మూలవిజ్ఞానం కోసమే పుట్టింది. ఇది బలమైన అభ్యంతరం. దాన్ని స్థాపించిన పుష్ప మిత్ర భార్గవ లక్నోలో చదివి 1950లో హైదరాబాద్ వచ్చారు. తర్వాత అమెరికా విస్కాన్సిన్‌లో మెక్‌ఆర్డిల్ కాన్సర్ ప్రయోగశాలలో చార్లెస్ హైడెల్‌బర్గర్ దగ్గర పనిచేశారు. కాన్సర్ కణం యురాసిల్‌ను ఎక్కువగా లాగేసుకుంటుందన్న గమనింపును ఆధారం చేసుకుని, దానికి నకిలీ యురాసిల్ అందించే 5-ఫ్లోరోయురాసిల్ మందు 1957లో లోకానికి తెలిసింది ఆ ప్రయోగశాల నుంచే. ఆ చదువుతో భార్గవ తిరిగి వచ్చింది తార్నాకకు. ప్రాంతీయ పరిశోధనాలయంలోని జీవరసాయన విభాగమే 1977 ఏప్రిల్ 1న వేరుపడి సీసీఎంబీ అయింది. 1987 నవంబరు 26న దాని కొత్త భవనాన్ని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. ఈ సంస్థ పుట్టుకలో స్థానిక ప్రశ్న ఏదీ లేదని ఒప్పుకుంటాను. కాని దాని పనిలో లోకం ఎక్కువగా తలచుకునేవి చూడండి. గుండె కండరాన్ని బలహీనపరిచే ఒక జన్యు లోపం దక్షిణాసియా జనంలో దాదాపు 4 శాతం మందికి ఉందని కుమారసామి తంగరాజ్ బృందం 2009లో చూపింది. పడమటి దేశాల జన్యు పటాల్లో అది కనిపించేది కాదు. తమలో తాము పెళ్లిళ్లు చేసుకునే సముదాయాల జన్యు చరిత్రను రాసిన 2017 నాటి అధ్యయనం మన వైశ్యుల ఉదాహరణ తీసుకుంది. మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక రకం కండరాల మందు వాళ్లలో కొందరికి ఎంతకీ దిగదు. ఆ సంగతి ఆపరేషన్ థియేటర్లలో డాక్టర్లకు ముందే తెలుసు. కణానికి ఊరు లేకపోవచ్చు, కణాన్ని మోసుకు తిరిగే మనిషికి ఉంది.

మందుల దగ్గర ప్రశ్న ధర రూపంలో వచ్చింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాక, తయారీ పద్ధతికే హక్కు ఇచ్చింది గనక, కొత్త పద్ధతి కనిపెట్టగలిగితే అప్పట్లో సరిపోయేది. ఎ. వి. రామారావు డైరెక్టరుగా ఉన్న కాలంలో రసాయన సంస్థ ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌కు, కాన్సర్ మందు ఎటొపొసైడ్‌కు పద్ధతులు తయారుచేస్తే, 1991 ప్రాంతంలో సిప్లా కంపెనీ వాటిని మార్కెట్‌లోకి తెచ్చింది.

వైర్‌లెస్ సంకేతాల పరిశోధనకు వచ్చేసరికి స్థానికత అంటే అక్షరాలా తల మీది ఆకాశం. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి పంపే సంకేతం నేలకు చేరే ముందు అయనోస్ఫియర్‌ను దాటాలి. ఎండ తాకిడికి అణువులు విడిపోయి ఎలక్ట్రాన్లు తేలియాడే పొర అది. ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉంటే సంకేతం అంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం నేల మీద మీటర్ల తేడా అయి కూర్చుంటుంది. అమెరికా, యూరప్‌ల మీద ఈ పొర చాలావరకు నెమ్మదస్తురాలు, సరిదిద్దే సూత్రాలు అక్కడి ఆకాశానికే కుదిరాయి. మన దేశం దక్షిణ కొస మీదుగా అయస్కాంత భూమధ్యరేఖ పోతుంది. పగలు ఎలక్ట్రాన్లు అక్కడ పైకి లేచి, ఉత్తరాన గుజరాత్, మధ్యప్రదేశ్, బెంగాల్ మీద దిగి గుట్టపడతాయి. హైదరాబాద్ ఆ ఎగుడుకూ దిగుడుకూ నడుమ ఉంది. పొద్దు గూకాక పొర చెదిరి సంకేతం మిణుకుమిణుకుమంటుంది. విమానాన్ని రన్‌వే మీదికి దించే పనికి ఇది ప్రాణాల మీది మాట. ఉస్మానియా క్యాంపస్‌లో నావిగేషన్ ఎలక్ట్రానిక్స్‌కు ప్రత్యేకంగా ఏర్పడిన పరిశోధన, శిక్షణ విభాగం ఈ ఆలస్యాన్ని కొలిచి, నమూనాలు కట్టే పనిలో ఏళ్ల తరబడి మునిగింది. జీపీఎస్ తేడాలను విమానాలకు సరిదిద్ది చెప్పేందుకు ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి కట్టిన గగన్ వ్యవస్థకు 2013 డిసెంబరులో ధ్రువీకరణ రావడానికి ముందు, ఈ ఆకాశానికి తగ్గ అయనోస్ఫియర్ నమూనాను మనమే రాసుకోవాల్సి వచ్చింది. అరువు తెచ్చుకున్న లెక్క ఇక్కడ చెల్లలేదు.

నగరం తిండి సంగతి మనల్ని మార్కెట్‌కు తీసుకెళుతుంది. పాలమూరు గుట్టల సీతాఫలం శీతకాలం ముందు హైదరాబాద్‌కు దిగుతుంది, రెండు రోజుల్లో మెత్తబడి పాడవుతుంది. తాజా సరుకు మీద బతికే ప్రతి మార్కెట్‌దీ ఇదే గతి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజూ టన్నుల కొద్దీ కుళ్లిన సరుకు పోగుపడుతుంది. రసాయన సంస్థ రూపొందించిన రియాక్టర్‌లో గాలి తగలకుండా దాన్ని పులియబెట్టి గ్యాస్ తీసే ప్లాంటు అక్కడ వెలసింది. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి దాదాపు 500 యూనిట్ల కరెంటు, మార్కెట్ క్యాంటీన్ పొయ్యికి గ్యాస్ వస్తున్నాయి. 2021 జనవరిలో ప్రధాని రేడియో ప్రసంగంలో దీని ప్రస్తావన వచ్చింది. ఒక్క ప్లాంటు నగరాన్ని మార్చేస్తుందని నేననను. కుళ్లిపోకుండా చేరవేయడం అంతకన్నా పెద్ద పని, అది ఇంకా మిగిలే ఉంది. కాని దశాబ్దాల కిందట సింగరేణి బొగ్గును పట్టుకున్న చెయ్యే ఈ చెత్తనూ పట్టుకుందని గుర్తించాలి.

నా వాదనకు అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఇరుగుపొరుగున ఉన్నంత మాత్రాన ఈ సంస్థలు కలిసి పనిచేశాయా? స్వాతంత్ర్యానంతరం పరిశోధనను విశ్వవిద్యాలయాల నుంచి విడదీసి జాతీయ ప్రయోగశాలలకు అప్పగించడం తప్పని భౌతిక శాస్త్రజ్ఞుడు మేఘనాథ్ సాహా ఆనాడే హెచ్చరించారు. తార్నాకలో ఆ చీలిక కంటికి కనిపిస్తుంది: గోడకు ఇవతల పిల్లలు, అవతల పరికరాలు. ఉస్మానియాలో అధ్యాపక పోస్టులు ఏళ్ల కొద్దీ ఖాళీగా పడి ఉంటే, పరిశోధన సంస్థలు తమ పీహెచ్‌డీ విద్యార్థులను తామే తయారుచేసుకున్నాయి. ఈ నష్టాన్ని నేను తక్కువ చేయను. అయినా బయటి నుంచి ప్రశ్న తలుపు తట్టినప్పుడు గోడలు పలచబడ్డ సందర్భాలున్నాయి. 2020లో కోవిడ్ ఎంతమందికి సోకిందో పరీక్షలతో తేలని స్థితిలో, ఒకప్పుడు ఒకే సంస్థగా ఉండి విడిపోయిన సీసీఎంబీ, రసాయన సంస్థ కలిసి హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ జాడలు కొలిచి, నగరంలో దాదాపు 6.6 లక్షల మందికి సోకి ఉంటుందని అంచనా కట్టాయి.

ఇప్పుడు అలాంటి ప్రశ్న ఒకటి గుమ్మంలోనే నిలబడి ఉంది. 2020లో వెలువడ్డ జాతీయ కాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, దేశంలోని రిజిస్ట్రీలన్నిటిలోకీ రొమ్ము కాన్సర్ రేటు ఎక్కువగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే: వయసు తేడాలు సర్దాక లక్ష మంది స్త్రీలకు ఏడాదికి 48. పెరిగిన బరువా, మారిన తిండా, ఆలస్యమైన కాన్పులా, వంశంలో వచ్చిన జన్యువా, లేక ఇక్కడ పరీక్షలు ఎక్కువగా జరిగి లెక్క బాగా తేలడమా? తిండిని తూచేవాళ్లు, కణాన్ని చదివేవాళ్లు, మందు కట్టేవాళ్లు, ఊరూరా తిరిగి సర్వే చేయగల విద్యార్థులు ఒక మెట్రో స్టేషన్‌కు ఆ పక్కా ఈ పక్కా ఉన్నారు. జొన్న రోగి విషయంలో గోపాలన్ చేసినట్టు ముందు సీతాఫల్‌మండి, లాలాగూడ, వారాసిగూడ బస్తీల ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్లేం తింటున్నారో, ఎప్పుడు ఆసుపత్రికి వస్తున్నారో, ఎందుకు ఆలస్యమవుతోందో అడగడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.